గడపరాయిని నిలబెట్టిన రోజు

మీలో ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగం వచ్చి, పెద్దలు చూడటానికి వస్తున్నారు కాబట్టి అక్కడున్న రాళ్లకు సున్నం కొట్టించమని పైనుంచి ఆర్డరు వస్తే, ఒక్క నిమిషం ఆగండి. ఆ రాయి అక్కడ అలా ఎందుకుందో ఎవరినైనా అడగండి. పని ఎగ్గొట్టడానికి సాకులు వెతుకుతున్నాడని మిమ్మల్ని అంటారు. అననివ్వండి. ఈ సలహా ఇవ్వడానికి నాకున్న అర్హత ఒక్కటే, ఎవరూ ఎవర్నీ ఏదీ అడగని ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను.

ఏ ఆఫీసో చెప్పను. మద్రాసులో పాత కట్టడాలనూ పాత రాళ్లనూ చూసుకునే ఆఫీసు అనుకోండి, చాలు. చెన్నై అనడం నాకింకా నోరు తిరగదు. అందులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. తవ్వకంలో బయటపడిన గోడనో, కుండనో, రాయినో కొలిచి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద గీసి ఇవ్వడం నా పని. ఉన్నది ఉన్నట్టు గీయడం కూడా ఒకరోజు మనవాళ్ల కొంప ముంచుతుందని ఉద్యోగంలో చేరినప్పుడు నాకెవరూ చెప్పలేదు.

మా ఆఫీసులో రెండు విభాగాలుండేవి. కొత్త స్థలాలు వెతికి, తవ్వి, రిపోర్టులు రాసేది పరిశోధన విభాగం. పడిపోయిన మంటపాలనూ గోడలనూ నిలబెట్టేది మరమ్మతుల విభాగం. ఒకే వరండాకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మధ్యలో నీళ్ల కూజా. జీపు ఎవరికి దక్కాలన్న తగువు తప్ప ఆ రెండు విభాగాల మధ్య నడిచిన సంభాషణ నాకు గుర్తు లేదు.

మరమ్మతుల సూపర్‌వైజరు ఉత్తర మద్రాసులోని మా వ్యాసర్పాడివాడే. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడా అనేవాడు, కోపమొస్తే రేయ్ అనేవాడు. ఆ మనిషి పనితనం గురించి చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. కూలిపోతుందని అందరూ వదిలేసిన మంటపాన్ని ఇనప గొలుసులతో, గడ్డపారలతో, వ్యాసర్పాడి నుంచి తెచ్చుకున్న నలుగురు కూలీలతో స్తంభం తర్వాత స్తంభంగా లేపి నిలబెట్టేవాడు. రాయి ఒరిగి ఉంటే ఆయన చేతులు ఊరుకునేవి కావు. బస్సులో వెళుతూ ఒరిగిన మైలురాయి కనిపించినా, "ఎవుడ్రా దీన్ని ఇట్టా వదిలేసింది" అని కిటికీలోంచి తిట్టేవాడు.

నేనున్న పరిశోధన విభాగానికి గుంటూరు వైపు నుంచి ఒక అమ్మాయి అధికారిగా వచ్చింది. నా కూతురి వయసు. అందరి ముందూ ఆమె నాకు మేడమ్, ఎవరూ లేనప్పుడు నేను ఆమెకు బాబాయ్‌గారిని. ఆఫీసంతా తమిళం. తెలుగులో విసుక్కోవడానికైనా ఒక మనిషి దొరికాడని ఆమెకు నా మీద అభిమానం. పొద్దున్నే డబ్బాలో పెసరట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చల్లారిపోయిందండీ, ఏం అనుకోకండి" అనేది. ఆమె కనిపెట్టిన స్థలమే ఈ కథంతా.

మద్రాసుకు దక్షిణాన షోళింగనల్లూరు దాటి, ఐ.టి. ఆఫీసుల అద్దాలు అయిపోయాక లోపలికి తిరిగితే అప్పట్లో తాటిచెట్లూ, ఒక చెరువూ, దాని వెనక గట్టినేలా ఉండేవి. ఆ గట్టినేల మీద నిలువు రాళ్లు వరసలుగా పాతి ఉన్నాయి. కొన్ని మనిషెత్తు, కొన్ని అంతకు రెండింతలు. మద్రాసు చుట్టుపక్కల గుండ్రంగా పేర్చిన రాతి సమాధులు చాలా ఉన్నాయి. ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన కాలం నాటివి. వాటి కింద ఎముకలూ, నలుపూ ఎరుపూ కలిసిన కుండలూ దొరుకుతాయి. కానీ ఈ నిలువు రాళ్ల చుట్టూ సమాధి ఆనవాలే లేదు. మరి ఇంత బరువైన రాళ్లను ఇంత దూరం మోసుకొచ్చి ఎందుకు పాతారన్నది ప్రశ్న.

అక్కడ పొద్దుపొడుపు చూడాలనుకున్న మొదటి చలికాలం మబ్బుల్లోనే పోయింది. రెండో చలికాలంలో, పగలు అన్నిటికంటే చిన్నదైన రోజున, చీకటి ఉండగానే ఆమె నన్ను అక్కడికి తీసుకెళ్లింది. పడమటి కొసన ఒంటరిగా ఉన్న రాయికి వీపు ఆనించి నిలబడమంది. ఎదురుగా, తూర్పుకు కొంచెం దక్షిణంగా, రెండు ఎత్తయిన రాళ్లు, కాస్త లోపలికి ఒరిగి, తలుపుల్లేని వాకిలిలా ఉన్నాయి. ఆ రెండింటి మధ్య నేల మీద పొడవుగా ఒక రాయి పడుకుని ఉంది. ఆమె దానికి గడపరాయి అని పేరు పెట్టింది. కాసేపటికి సూర్యుడు సరిగ్గా ఆ గడప మీదుగా, ఆ రెండు రాళ్ల నడుమ లేచాడు. రెండు పక్కలా కొంచెం కూడా తేడా లేదు. 

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "చూశారా బాబాయ్‌గారూ. సమాధులు మనకు బోలెడున్నాయి. వాళ్లు ఎలా పోయారో తెలుసు. బతికుండగా తలెత్తి ఏం చూసేవారో చెప్పడానికి ఈ చుట్టుపక్కల మనకున్నది ఇదొక్కటేనండీ" అంది.

ఆ రాళ్లు వాళ్లకు పంచాంగమని ఆమె వాదన. వానలు ఎప్పుడు వెనక్కి తగ్గుతాయో, పంట ఎప్పుడు కోయాలో, పొద్దు ఏ రోజు నుంచి ఉత్తరానికి మళ్లుతుందో ఆ వాకిట్లో చూసి చెప్పుకునేవారని. వాదన నిలబడాలంటే గడపరాయి కీలకం. అది నిలబెట్టాక పడిపోయిన రాయి కాదు, మొదటి నుంచీ పడుకోబెట్టిన రాయే అని రుజువు కావాలి. ఆ రుజువు దాని కిందే ఉందని ఆమె నమ్మకం. రాయి కింద నలిగి ఉన్న మట్టిలో పెంకులూ బొగ్గులూ దొరికితే, దాన్ని ఎప్పుడు పెట్టారో పరీక్ష చేసి చెప్పవచ్చు. తవ్వడానికి అనుమతి వచ్చేదాకా ఆ మట్టిని వేలితో కూడా ముట్టనివ్వలేదు. నేను ప్రతి రాయినీ, దాని ఒరుగుతో సహా, కొలిచి ప్లాను గీశాను.

ఇక్కడే తొందర వచ్చిపడింది. పక్క నేలంతా ఒక బిల్డింగు కంపెనీ కొనేసింది. ఈ నేల కూడా వాళ్ల చేతికి వెళ్లబోతోంది. రక్షిత స్థలంగా ప్రకటిస్తే తప్ప ఆగదు. సంగతి బయటికి పొక్కితే జేసీబీ వచ్చి పడుతుందేమోనని ఆమె భయం. అందుకని మా విభాగం దాటి ఎవరికీ చెప్పలేదు, డైరెక్టరుకు మాత్రం రిపోర్టు ఇచ్చింది. ఆయనకు రిపోర్టులో మొదటి పేజీ దాటి చదివే అలవాటు లేదు. మొదటి పేజీ చదివినా బాగానే అర్థమైనట్టుంది, పైకి పంపాడు. పైవాళ్లు, మూడో చలికాలం అదే రోజున నిపుణుల బృందం వచ్చి పొద్దుపొడుపు చూస్తుందని, వాళ్లు ఔనంటే స్థలాన్ని కాపాడతామని చెప్పారు. అంటే ఆ నేల బతకడమో చావడమో ఒక్క తెల్లవారుజాము మీద ఆధారపడింది.

ఆ రోజుకు వారం ముందు, మద్రాసు ఉత్తరపు కొసన ఎన్నూరులో ఏదో గొట్టాల కోసం తవ్వుతుంటే పాత ఇటుకలు బయటపడ్డాయని మేడమ్‌నూ నన్నూ అక్కడికి పంపారు. ఆమె వెళ్లనని చెప్పి చూసింది. వారమే గదా అన్నారు. ఎన్నూరు సంగతి మీకు తెలుసు, కరెంటు స్టేషను బూడిద నా డ్రాయింగు కాగితం మీద పడుతూనే ఉండేది, ఊదుకుంటూ గీశాను. లారీల మోతలో ఆమె ఫోను పట్టుకుని వాతావరణం చూసుకుంటూ కూర్చునేది. ఆమె దిగులంతా మబ్బుల గురించే.

మబ్బులు రాలేదు. చుక్కలు మెరుస్తుండగా జీపులో బయలుదేరాం. డైరెక్టరు కారూ, నిపుణుల కార్లూ మా వెనకే వచ్చాయి. చెరువు గట్టు దిగగానే ఏదో తేడా కనిపించింది. అంతకుముందున్న ముళ్ల కంప లేదు. బాటకు రెండు పక్కలా ఇటుకలు ఏటవాలుగా పాతి, కంకర పోసి ఉంది. బాట చివర, ఆ చీకట్లో, తెల్లటి వస్తువులు వరసగా కనబడ్డాయి.

రాళ్లకు నడుము దాకా సున్నం కొట్టారు. ఆ పైన కావిరంగు పట్టీ.

అక్కడ టీ డబ్బాల పక్కన మా సూపర్‌వైజరు అన్న ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఎదురొచ్చాడు. "ఏం తమ్ముడా, ఎట్టా ఉండాది? డైరెక్టరు పిలిచి, పెద్దోళ్లు వస్తా ఉండారు, ఆడ నీట్‌గా చెయ్యప్పా అన్నాడు. వచ్చి చూస్తే అయ్యో సామీ, పళ్లూడిన నోరు మాదిరి ఉండాది. ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. అన్నీ తూకంగుండు పెట్టి నిలబెట్టేసినాను" అన్నాడు.

నేను మాట్లాడేలోగా మేడమ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "బాబాయ్‌గారూ, ఆ రెంటికీ మధ్యలో ఏమిటండీ అది?"

అది గడపరాయి. నిలబెట్టేశారు. వాకిలి మధ్యలో, పక్క రాళ్లకంటే ఎత్తుగా, అడుగున కాంక్రీటు దిమ్మెతో, పసుపూ కుంకుమా పెట్టుకుని నిలబడి ఉంది. దాని ముందు పగిలిన కొబ్బరికాయ చిప్పలు. అంత పెద్ద రాయిని పూజ చెయ్యకుండా లేపితే కూలీలు ఒప్పుకోరు. చాలా శ్రద్ధగా చేశారు. ఆ శ్రద్ధే ఈనాటికీ నన్ను కాల్చుకు తింటుంది.

ఆమె అరవలేదు. అన్న దగ్గరికి వెళ్లి చాలా మెల్లగా, "దీని కింద మట్టి ఉండాలండీ. దాన్నేం చేశారు?" అని అడిగింది.

"ఆ మట్టంతా గుల్లమ్మా. పెంకులు, బొగ్గులు, ఒకటే చెత్త. దాని మీద దిమ్మె నిలవదు. అంతా తోడి చెరువులో పోయించేసినా. కింద ఒరిజినల్ గట్టినేల దాకా పోయి కాంక్రీటు వేసినాము. ఇంక మీకు వెయ్యేండ్లు పరవాలేదు" అన్నాడు, భరోసా ఇస్తున్నట్టు.

ఆమె అక్కడే కంకర మీద కూర్చుండిపోయింది. అన్న కంగారుపడి నాతో, "ఏమైందిరా, షుగరా? టీ తెస్తా ఉండు" అని పరుగెత్తాడు. ఆ పరుగు చూసి నాకు ఆయన మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

నిపుణుల్లో పెద్దాయన వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ప్రొఫెసరు. చెడ్డవాడు కాదు. చీకట్లో లేచి, మోకాళ్ల నొప్పితో అంత దూరం నడిచి వచ్చి, చెప్పిన చోట ఒంటిరాయికి వీపు ఆనించి నిలబడ్డాడు. మిగతావాళ్లు ఆయన వెనక. మేడమ్ లేచి పక్కన నిలబడింది. తూర్పు ఎర్రబడింది. పొద్దు పొడిచింది. పొడిచిందని మాకెలా తెలిసిందంటే, ఆ నిలబడ్డ రాయి అంచుల చుట్టూ వెలుగు కనిపించింది. సూర్యుడు దాని వెనకే ఉన్నాడు. ఆ రోజు, ఆ వేళ, సరిగ్గా ఎక్కడ ఉంటాడని ఆమె చెప్పిందో అక్కడే ఉన్నాడు. మాకు కనబడింది మాత్రం సున్నం కొట్టిన రాయి.

మేడమ్ కిందటేడాది ఫోటో చూపించింది. ప్రొఫెసరు కళ్లజోడు పైకెత్తి చూసి, ఫోటో ఏ కోణం నుంచైనా తీయవచ్చు గదమ్మా అన్నాడు. నా ప్లాను విప్పింది. ఆయన ప్లానునూ రాళ్లనూ మార్చి మార్చి చూశాడు. ఒక్క రాయి కూడా కుదరలేదు. ఒరుగులు లేవు, సందులు మారిపోయాయి.

ఆయన ఇంగ్లీషులో, మర్యాదగానే అన్న మాట ఇది. "ఈ రాయి ఎప్పుడూ పడుకునే ఉండేదని మీ విభాగం అంటోంది. పడిపోయిందని మీ ఆఫీసే మరో విభాగం చేత నిలబెట్టించింది. మీ ఆఫీసులో నేను ఎవరిని నమ్మాలి?"

ఆమె డైరెక్టరు వైపు చూసింది. రిపోర్టులో రాశాను సార్ అంది. డైరెక్టరు చేతిగడియారం చూసుకుని, ముందు టీ తాగుదాం రండి అన్నాడు తమిళంలో. అందరూ తాగారు. టీ బాగుందని కూడా ఎవరో అన్నారు.

నిపుణుల రిపోర్టు వచ్చింది. రాళ్లను ఇటీవల కదిలించినందువల్ల అవి ఖగోళాన్ని చూడటానికి నిలిపినవని చెప్పే ఆధారాలు నమ్మదగినవిగా లేవన్నారు. ప్లాను కూడా స్థలంతో సరిపోవడం లేదన్నారు. నా ముప్పై చిల్లర ఏళ్ల ఉద్యోగంలో నా గీత తప్పని రాసిన కాగితం అదొక్కటే. చివర్లో ఒక మంచిమాట కూడా ఉంది, స్థలం పరిశుభ్రంగా ఉందని. ఆ వాక్యం పుణ్యమా అని మా సూపర్‌వైజరు రిటైర్మెంటు సభలో డైరెక్టరు ఆయన్ని ప్రత్యేకంగా పొగిడి శాలువా కప్పాడు. మేడమ్‌ను దక్షిణాన ఒక మ్యూజియం గోదాములోకి మార్చారు. చెదలు పట్టిన చెక్క బొమ్మలకు మందు కొట్టించే పని. కొన్నాళ్లు చేసి, రాజీనామా ఇచ్చింది. వెళ్లేముందు నాకు ఫోను చేసింది. "నేను ముందే సూపర్‌వైజరుగారితో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదండీ. కంపెనీవాళ్లకు తెలుస్తుందని భయపడ్డాను. మనవాళ్ల గురించి భయపడాలని తట్టలేదు" అంది. నేను ఏదో ఓదార్పు మాట చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు, అంత పనికిరాని మాట.

సూపర్‌వైజరు అన్నకు అసలు సంగతి నేనే చెప్పాను, ఆ రోజే, తిరిగి వచ్చేటప్పుడు జీపు వెనక కూర్చుని.  ఆయన, "పడుండే రాయి పడుండాలని ఎవురైనా చెప్పుండాల గదప్పా. మా పని నిలబెట్టేది. నువ్వు చెప్పు, పడిపోయిన రాయీ, పడుకున్న రాయీ చూసేదానికి ఒకే మాదిరి ఉండవా?" అన్నాడు. ఉంటాయి.  ఆ తర్వాత మేమిద్దరం దాని ఊసెత్తలేదు.

ఈ మధ్య ఆయన మనవరాలికి ఐ.టి.లో ఉద్యోగం వచ్చింది. ఆ నేల మీద లేచిన అపార్టుమెంట్లలోనే స్నేహితురాళ్లతో కలిసి అద్దెకు దిగింది. తాతను రెండు రోజులు ఉండి పొమ్మంటే, ఒక్కణ్ణే పోలేనురా తమ్ముడా అని నన్నూ లాక్కెళ్లాడు. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గింది, నడక తగ్గింది. ఆ చోటు అదేనని ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు. చెరువు గట్టు కనిపించదు, తాటిచెట్లు లేవు. నాకే కొంచెం సేపు పట్టింది.

పొద్దున్నే ఆ పిల్లకు డ్యూటీ. క్యాబు ఎక్కించడానికి ముగ్గురం గేటు దగ్గరికి దిగాం. గేటు పక్కన, పూలకుండీల మధ్య పొడవాటి రాయి ఒకటి బల్లలా వేసి ఉంది. దాని మీద మెడలో ట్యాగులు వేసుకున్న పిల్లలు నలుగురు కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. మనవరాలు కూడా కూర్చుని, "తాతా, ఉక్కారుంగ" అంది, పక్కన చోటు చూపించి. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది తమిళమే.

ఆయన కూర్చోలేదు. వంగి రాయిని తడిమాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా చేత్తో రాసుకుంటూ వచ్చి లావుపాటి చివర దగ్గర ఆగిపోయాడు. అక్కడ రాయికి అంటుకుని బూడిదరంగు పెచ్చు ఉంది.

"రేయ్, చూడరా. నా కాంక్రీటు" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "ఎన్ని దెబ్బలేసి ఉంటారు దీన్ని పీకేదానికి. ఊడలే చూడు. ఎవుడ్రా ఇంత మంచి రాయిని పడేసింది? వాచ్‌మన్‌ని పిలువు. నలుగురు మనుషులుంటే మధ్యాన్నానికి మళ్లా నిలబెట్టేస్తాను."

"పడుకోనీ అన్నా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఫోన్లు చూసుకునే పిల్లలు తలలెత్తారు. "దాన్ని ఇంక పడుకోనీ."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో ముందు కోపం, తర్వాత ఏదో గుర్తొచ్చిన గాభరా. చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. "ఆ యమ్మ ఇప్పుడు యాడ ఉండాదిరా?" అని అడిగాడు, ఇన్నేళ్లలో మొదటిసారి.

క్యాబు వచ్చింది. పిల్లలు లేచి ఎక్కారు. రాయి ఖాళీ అయింది. తూర్పున అంతస్తుల మీద అంతస్తులు అడ్డం, పొద్దు పొడిచిందో లేదో అక్కణ్ణుంచి తెలియదు. నేను ఆయనకు రోడ్డు వైపు చూపించాను. మేడమ్ ఆ రోడ్డులోనే ఉంది. అదే క్యాబులు వెళ్లే ఆఫీసుల్లో ఒకదాంట్లో, కిటికీ లేని గదిలో కూర్చుని, ఎవరో విదేశీ కంపెనీ కోసం పటాల మీద కొత్తగా లేచిన అపార్టుమెంట్లు గుర్తుపెడుతూ ఉంటుంది.